ఊడవని ముందుగది

ఆర్నెల్ పోయింది శనివారం నాడు. ఆ ఇంట్లో శనివారమంటే ఇల్లు సర్దే రోజు. అతని భార్య ఫెలీసా పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఎనిమిదేళ్ల కూతురు జూవీ ముందుగది చెక్కనేలకు ఎర్రమైనం పూసి, అడ్డంగా కోసిన కొబ్బరి డొక్క మీద ఒక కాలు పెట్టి, నడుము ఊపుతూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నునుపు చేస్తోంది. రెండున్నరేళ్ల కొడుకు నోనోయ్ గడప దగ్గర చెప్పులు జతలు పెడుతున్నాడు. వాడి లెక్కలో ఏ రెండు చెప్పులైనా జతే.

రేవు నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. నేల అద్దంలా ఉండటం చూసి, తెచ్చిన కబురు అంతటిదైనా, చెప్పులు విప్పే లోపలికి వచ్చారు. పడవ ఇంజను ఎత్తబోతూ ఆర్నెల్ కూర్చుండిపోయాడని, మళ్లీ లేవలేదని చెప్పారు. ఫెలీసా చేతుల మీది సబ్బు నురగ కడుక్కుని వాళ్ల వెంట వెళ్లింది.

ఫెలీసా ఊళ్లో బడిపంతులమ్మ. రెండో తరగతికి చెబుతుంది. పదహారేళ్లుగా ఆమె నమ్మినది ఒకటే: పిల్లలకు శుభ్రం తిట్టి నేర్పితే రాదు. ఎవరి ఎత్తుకు తగిన పని వాళ్లకివ్వాలి, అది వాళ్లదే అనిపించాలి, చేశాక ఒకసారి చూసి తల ఊపాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు. తల్లులకు అదే చెప్పేది. తన ఇంట్లోనూ అదే చేసింది. జూవీకి ఐదేళ్లప్పుడే చీపురు పిడి కోయించి పొట్టిది చేసి ఇచ్చింది. "చీపురుతో పాటు పిల్ల పెరగాలా, పిల్లతో పాటు చీపురు పెరగాలా పంతులమ్మా?" అని ఆర్నెల్ ఎగతాళి చేసేవాడు. పిల్లకు మాత్రం ఆ చీపురంటే ప్రాణం. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

శవజాగారం ఏడు రోజులు సాగింది. మనీలాలో ఉన్న ఆర్నెల్ తమ్ముడు రావాలి. శవపెట్టె ముందుగదిలో, కిటికీ పక్కన. దీపం ఆరలేదు, జనం తగ్గలేదు. వచ్చినవాళ్లు పేకాడారు, పుచ్చగింజలు కొరికారు, కాఫీలు తాగారు. పొట్టు ఎక్కడ ఉమ్మితే అక్కడే పడింది. ఇంట్లో శవం ఉండగా చీపురు పట్టకూడదు. పడితే ఆ ఇంటి నుంచి ఇంకొకరిని ఊడ్చేసినట్టే. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. అందరికీ తెలుసు.

జూవీకి తెలియదు. పిల్లకు ఊహ వచ్చాక ఆ ఇంట్లో చావు జరగలేదు.

ఐదో రోజు తెల్లవారుతుండగా ఫెలీసా కాఫీ పళ్లెంతో వంటింట్లోంచి వచ్చేసరికి జూవీ ఊడుస్తోంది. పెట్టె కాళ్ల దగ్గర మొదలుపెట్టి, కుర్చీల కింద, నిద్రపోతున్న పేకాటగాళ్ల కాళ్ల సందుల్లోంచి గడప దాకా పొట్టంతా ఒక కుప్ప చేసింది. తల్లిని చూసి నిలబడింది. తల ఊపుతుందని ఎదురుచూసింది.

"ఇంకెవర్ని ఊడ్చేద్దామనే!" అంది ఫెలీసా.

అలాంటి కేక ఆమె గొంతులోంచి బడిలోగానీ ఇంట్లోగానీ ఎన్నడూ రాలేదు. పళ్లెం కింద పెట్టిందో పడేసిందో ఆమెకు గుర్తులేదు. చీపురు లాక్కుంది. పేకాటగాళ్లు లేచి కూర్చున్నారు.

"నాన్నకి... ఇల్లు ఇలా ఉంటే నాన్నకి నచ్చదు కదమ్మా," అంది జూవీ.

ఆర్నెల్ అక్క తసింగ్ గబగబా వచ్చి కుప్ప ముందు చతికిలబడింది. దోసిళ్లతో పొట్టు ఎత్తి, విత్తనాలు చల్లినట్టు గదంతా మళ్లీ చల్లింది.

"పసిది, తెలీక చేసింది. తిరిగి చల్లేశాను, ఏం కాదు, ఏం కాదు," అంటూ కుర్చీల కిందికి కూడా విసిరింది. "ఒరేయ్ బెర్తో, కాలెత్తు. అక్కడా ఉండాలి. నీ కాళ్ల కింద ఉన్నదంతా నువ్వు ఉమ్మిందేగా!"

ఎవరో నవ్వారు. జూవీ నవ్వలేదు. తాను ఊడ్చినదంతా మళ్లీ చల్లడం చివరిదాకా చూస్తూ నిలబడింది.

ఆర్నెల్‌ను పాతిపెట్టారు. తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిశాయి. తసింగ్ స్వయంగా ఇల్లంతా ఊడ్చి, కడిగి, "ఇక దోషం లేదు" అని చెప్పి తన ఇంటికి వెళ్లింది. పెట్టె చుట్టూ పెట్టిన పూల డబ్బాలు తొమ్మిది ఉన్నాయి. పాలడబ్బాలు, రంగుడబ్బాలు. వాటిని కూడా పారేస్తానంటే ఫెలీసా వద్దంది. "రెండు రోజులుండనీ వదినా," అంది. చాలావరకు బడిపిల్లలు తెచ్చిన పూలు. తనే వాటిని ఒక్కొక్కటిగా, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఆ ఇంటి చెక్కనేల కింది చీకట్లో పెట్టింది. రెండు రోజులు పోయాయి, రెండు వారాలు పోయాయి. పూలు కుళ్లాయి. వానలు పడ్డాయి. శనివారాలు వచ్చాయి గానీ ఆ ఇంట్లో ఎవరూ వాటిని శనివారాలనుకోలేదు.

ఆర్నెల్ పోయిన ముప్పైమూడో రోజు నోనోయ్‌కు జ్వరం వచ్చింది. నాలుగో నాటికి తగ్గింది. గంజి అడిగి తాగాడు. "చూశావా, గండం గడిచింది," అంది తసింగ్. సాయంత్రానికి వాడి చేతులు చల్లబడ్డాయి. పట్నం ఆసుపత్రిలో డెంగీ అన్నారు, జ్వరం తగ్గాకే అసలు ప్రమాదమన్నారు, రక్తం ఎక్కించారు. ఆరో రోజు పొద్దున వాడు పోయాడు. తండ్రి నలభయ్యో దినం కూడా రాలేదు.

చిన్న తెల్ల పెట్టె. జాగారం మూడు రోజులే. ఆ మూడు రోజులూ జూవీ గోడవార బల్ల మీద రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అన్నం తినమంటే చేతులు బయటికి తీసింది, తిని మళ్లీ తొడల కింద పెట్టుకుంది. చూసిన వాళ్లందరికీ అర్థమయింది. నీ తప్పు కాదని ఒక్కరూ అనలేదు. తసింగ్ పెరటి వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. పొట్టు తిరిగి చల్లానని అనుకున్నానే, ఎక్కడో ఒక గింజ మిగిలిపోయి ఉంటుందని గొణిగింది.

పాతిపెట్టిన మర్నాడు ఆరోగ్య కేంద్రం నుంచి గ్లెండా వచ్చింది. ఫెలీసా దగ్గర చదువుకున్న పిల్లే. డెంగీ వచ్చిన ఇంటి చుట్టుపక్కలంతా చూడటం ఆమె పని. టార్చి వేసుకుని నేల కిందికి వంగింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఇవి ఎప్పటివి మేడమ్?"

"ఆయన పూలు," అంది ఫెలీసా.

ఆమె కూడా వంగి చూసింది. డబ్బాల నీళ్లలో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ, టార్చి వెలుగు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. ఏటా వానాకాలంలో తరగతిలో నల్లబల్ల మీద ఆమె గీసే బొమ్మ అదే.

గ్లెండా ఒక్కో డబ్బా బయటికి తీసి ఎండలో బోర్లించింది. తొమ్మిదీ అయ్యాక చేతులు తుడుచుకుంది.

"ఎక్కడ కుట్టిందో ఎవరు చెప్పగలరు మేడమ్? దోమకి ఇంటి నంబరుంటుందా? పక్కవీధిలో కూడా ముగ్గురికి వచ్చింది."

"ఊఁ."

"కాగితంలో రాయను. ఎవరితోనూ అనను. మీరు కూడా మనసులో పెట్టుకోకండి."

గ్లెండా మాట నిలబెట్టుకుంది. ఫెలీసా కూడా ఎవరితోనూ అనలేదు.

*

చీపురు సంగతి మొదట బడిలో తెలిసింది. అక్కడ రోజుకొక వరుస పిల్లలు గది ఊడవాలి. మూడో తరగతి పంతులమ్మ రోవేనా ఒకరోజు తిండివేళ ఫెలీసాను పక్కకు పిలిచింది.

"మీ అమ్మాయి మరుగుదొడ్డి కడుగుతోందండీ."

"వంతు వచ్చిందేమో."

"వంతు కాదు. ఎవరి వంతైనా తనే అడిగి తీసుకుంటోంది. బదులుగా ఊడ్చే పని వాళ్లకిస్తోంది. పిల్లలకేం, పండగ. నిన్న ఒకడు ఆటకి చీపురు మీదికి తోస్తే వాంతి చేసుకుంది."

ఇంట్లో ఫెలీసా ఊడుస్తుంటే జూవీ ఊపిరి బిగబట్టి చూసేది. ఊడవడం అయ్యాక తల్లి వెనకే తిరిగేది. కొంగు పట్టుకున్నట్టు గౌను అంచు పట్టుకునేది, దగ్గితే మొహంలోకి చూసేది. అలా రెండు మూడు రోజులు తిరిగి, ఎవరికీ ఏమీ కాలేదని తేలాక వదిలేది. అది చూడలేక ఫెలీసా చీపురు వాడటం మానేసింది. మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో తుడిచేది. బడి నుంచి అలసి వచ్చిన రోజుల్లో అదీ లేదు. మూలల్లో బూజు పట్టింది. జూవీ పుస్తకాలు, విడిచిన బట్టలు, తిన్న పళ్లేలు ఎక్కడివక్కడే. నేల మీద పడినదాన్ని కదపడానికే పిల్లకు భయం. ఏది కదిపితే ఎవరికి ఏమవుతుందో.

ఫెలీసా తనకు తెలిసిన విద్యలన్నీ వాడింది. తిట్టలేదు. చిన్నపని ఇచ్చింది: నీ బల్ల ఒక్కటి చాలు. గోడకు కాగితం అంటించి, సర్దిన రోజున నక్షత్రం వేస్తానంది. కాగితం మీద పేరు ఉంది, తేదీలు ఉన్నాయి, నక్షత్రాలు లేవు. బొమ్మల ఇల్లు కొనిచ్చి ముందు దాన్ని సర్దమంది. జూవీ ఆ ఇంట్లో బొమ్మలను పెట్టలేదు. ఖాళీ ఇల్లు శుభ్రంగానే ఉంటుందంది. ఫాదర్ దగ్గరికి తీసుకువెళితే ఆయన నవ్వి, అవన్నీ మూఢనమ్మకాలు తల్లీ, దేవుడు చీపుర్లు లెక్కపెట్టడు అన్నాడు. జూవీ మర్యాదగా తల ఊపి, బయటికి వచ్చాక అడిగింది:

"ఫాదర్‌కి ఇంట్లో ఎవరూ లేరు కదమ్మా?"

"లేరు."

"అందుకే," అంది.

జూలై వచ్చింది. ఆర్నెల్ ఏడాది దినానికి మూడు వారాలుంది. ఆ రోజున నల్లబట్టలు విడవాలి, ఊరంతా వచ్చి భోంచేస్తుంది. తసింగ్ గడపలో నిలబడి గదంతా కలయజూసింది.

"ఇదేనా మా తమ్ముడిల్లు? కోళ్లు కూడా ఇందులో గుడ్డు పెట్టడానికి సిగ్గుపడతాయి. లోకంలో పిల్లలందరికీ శుభ్రం నేర్పే పంతులమ్మవి కదా!"

"చేస్తాను వదినా."

"నువ్వు కాదు, అది చెయ్యాలి. తొమ్మిదేళ్ల పిల్ల. రేపు నేను లేకపోతే నీకు సాయం ఎవరు?"

"నువ్వెక్కడికి పోతావత్తా?" అంది జూవీ లోపలి నుంచి.

"ఎక్కడికీ పోనే, మాటవరసకన్నాను. ఇదిగో, దీనితో మాట్లాడాలన్నా భయమే!" తసింగ్ తలబాదుకుంది. వెళుతూ వెళుతూ ఫెలీసా చెవిలో అంది, "ఆ రోజు నువ్వు అలా అరవకుండా ఉండాల్సింది. చెప్పేదుంటే నేను చెప్పేదాన్నిగా, నెమ్మదిగా."

ఆ శనివారం ఫెలీసా కొత్త కొబ్బరి డొక్క కోయించి తెచ్చింది. మైనం డబ్బా మూత తీసింది. ఏమీ అడగలేదు. తనే డొక్క మీద కాలు పెట్టి ఊగబోయి, అలవాటు తప్పి తూలింది, గోడ పట్టుకుంది.

"అలా కాదమ్మా. మడమ మీద బరువు వెయ్యకూడదు," అంది జూవీ.

"మరెలా?"

"వేళ్ల మీద. నాన్న చెప్పలే? నాట్యమాడినట్టు." పిల్ల వచ్చి డొక్క లాక్కుంది. ఒక కాలు పెట్టింది. ఒక ఊపు, ఇంకో ఊపు. మైనం వాసన లేచింది. కిటికీ దగ్గర చెక్క ఎర్రగా బయటపడటం మొదలయింది. డొక్క జారి జూవీ దబ్బున కూర్చుంది. పడి, నవ్వింది.

పదినెలల్లో ఆ నవ్వు అదే మొదలు. ఫెలీసా అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. పదహారేళ్ల అనుభవం ఆగమనే చెప్పింది. కానీ డొక్క కింద ఇసుక కరకరమంటోంది. ఊడవని నేల మీద డొక్క ఆడితే చెక్క గీసుకుపోతుంది. ఆశ పడ్డ మనిషి తొందర అది.

"ఆ కాస్త ఇసుక ముందు ఊడ్చేస్తే బాగా వస్తుందే బంగారం," అంది.

జూవీ నవ్వు ఆగింది. లేచి గోడవారకు వెళ్లి నిలబడింది.

"సరే, నువ్వొద్దు. నేనే ఊడుస్తాను. నువ్వు చూడు. ఏమీ కాదు," అని ఫెలీసా వంటింట్లోంచి చీపురు తెచ్చింది. ఒకసారి నేలకు ఆనించింది. అంతే. జూవీ వచ్చి రెండు చేతులతో ఆమె చెయ్యి చుట్టేసి వేలాడింది.

"వద్దమ్మా, వద్దు! ఇంక ఇద్దరమే ఉన్నాం."

ఫెలీసా చీపురు కింద పెట్టింది. ఆమె నేల మీద కూర్చుని పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

"విను. నోనోయ్ నీవల్ల పోలేదు."

"నేను ఊడ్చాను కదా. నువ్వే అన్నావుగా, ఇంకెవర్ని అని."

"నేను తప్పన్నాను. కోపంలో అన్నాను. ఊడిస్తే మనుషులు పోరు."

"మరి వాడెలా పోయాడు?"

"దోమ కుట్టి. డెంగీ."

ఏడాది కిందటిదాకా జూవీ తల్లి తరగతిలోనే చదివింది. ముందు వరుసలో కూర్చునేది. ఎప్పుడూ చెయ్యెత్తేది.

"దోమ నిలవనీళ్లలో పుడుతుంది," అంది, పాఠం అప్పజెబుతున్నట్టు. "డబ్బాల్లో, టైర్లలో, పూలకుండీల్లో. శుభ్రమైన ఇంట్లో పుట్టదు. అవునా?"

"అవును."

"మనిల్లు శుభ్రమైనదే కదా. ప్రతి శనివారం డబ్బాలన్నీ బోర్లిస్తామని నువ్వు క్లాసులో కూడా చెప్పావు. మా ఇంట్లో ఒక్కటి కూడా ఉండదని."

ఫెలీసా పిల్ల జుట్టు సవరించింది.

"మరి ఆ దోమ ఎక్కడిదమ్మా?"

చెప్పాల్సిన మాట పెద్దదేమీ కాదు. నాలుగు ముక్కలు. అవి ఫెలీసా నాలుక మీదికి వచ్చాయి కూడా. ఆమె పిల్ల మొహంలోకి చూసింది. ఆ మొహంలో భయం ఉంది, దుఃఖం ఉంది, కానీ తల్లి మీద అనుమానం ఒక్క పిసరు లేదు. ఈ లోకంలో ఇంక తనను అలా చూసే మొహం అదొక్కటే.

"దోమకి ఇంటి నంబరుంటుందా?" అంది ఫెలీసా. "పక్కవీధి నుంచి వచ్చి ఉంటుంది."

జూవీ, పెద్దవాళ్లు పసివాళ్లను ఊరుకోబెట్టినట్టు, తల్లి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"పర్లేదమ్మా. నన్ను ఏడిపించకూడదని అలా చెబుతున్నావు. నాకు తెలుసు."

లేచి చీపురు తీసుకుపోయి ఎక్కడో పెట్టి వచ్చింది. పిడిని గౌను అంచుతో పట్టుకుంది, చెయ్యి తగలకుండా. మైనం డబ్బాకు మూత పెట్టింది.

ఏడాది దినానికి తసింగ్ ఇద్దరు ఆడవాళ్లను తీసుకొచ్చి ఇల్లు కడిగించింది. ఊడుస్తున్నంతసేపూ జూవీ వీధి చివర తల్లి చెయ్యి పట్టుకుని నిలబడింది. జనం వచ్చారు, భోంచేశారు, ఇల్లు బాగుందన్నారు. ఫెలీసా నల్లబట్టలు విడిచింది. ఆగస్టులో బడి పిల్లలకు వానాకాలం పాఠం చెప్పాల్సి వస్తే ఆ ఒక్క రోజు సెలవు పెట్టింది, ఆ పాఠం రోవేనా చెప్పింది.

అది జరిగి రెండేళ్లు. జూవీకి పదకొండు నిండాయి. బడిలో ఇప్పటికీ మరుగుదొడ్డి కడుగుతుంది. ఇంట్లో చీపురు ముట్టదు. ఏడాది దినం తర్వాత ముందుగదిని ఎవరూ ఊడవలేదు. పూల డబ్బాల సంగతి ఫెలీసా పిల్లకు ఇంకా చెప్పలేదు.